రెండో మనిషి చెయ్యి

రిహార్సల్ హాలు,
పొద్దున

మామయ్యగారికి,

నాన్న పోయిన రోజు మీరు వచ్చి, గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మీకు ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ కోపం వచ్చింది, లేచిపోయాను. ఇప్పుడు పని పడింది కాబట్టి రాస్తున్నాను. మీకు నాన్చుడు నచ్చదని తెలుసు, సూటిగానే చెప్తాను.

నాన్న పోయి ఏడాది నిండేసరికి ‘వంతు’ నాట్యం మళ్ళీ ఆడాలనుకుంటున్నాం. మీరిద్దరూ విడిపోయినప్పుడు అనుకున్న ప్రకారం మీ సంతకం లేకుండా దాన్ని ఎవరూ ఆడకూడదు. హాలువాళ్ళు ఆ సంతకం అడుగుతున్నారు. ఆరుగురం సిద్ధంగా ఉన్నాం. నాన్న నిలబడిన మొదటి స్థానంలో నేను. నా వెనక, ఒకప్పటి మీ స్థానంలో, ఒకమ్మాయి. అందరూ ‘పొడుగు’ అని పిలుస్తారు, చూస్తే ఎందుకో అడగక్కర్లేదు. అందరికన్నా చివర ‘నిద్రమొహం’ అని ఒకతను. తన వంతు వచ్చేదాకా నిలబడి నిలబడి ఆ పేరు తెచ్చుకున్నాడు.

చిన్న మార్పులు రెండు చేశాను. మొదటి తిరుగుడు ఎడమ కాలి మీద కాకుండా కుడి కాలి మీద. మనిషికీ మనిషికీ మధ్య ఆగే ఎడం కొంచెం తగ్గించాను, ఈ కాలం జనానికి అంత ఓపిక లేదు. మోకాలి మీద దిగి నేలకి చెయ్యి ఆనించే ఘట్టం మాత్రం ఉన్నదున్నట్టే ఉంటుంది. అది లేకపోతే ‘వంతు’ లేదు.

పోస్టరు నమూనా, హాలువాళ్ళ కాగితం జత చేశాను. సంతకం పెట్టి పంపగలరు.

మీ మేనకోడలు


మేడ మీద గది,
సాయంత్రం

పిచ్చికా,

“మామయ్యగారికి” అట. నా భుజాల మీదెక్కి, జుట్టు పగ్గంలా పట్టుకుని వీధి చివరిదాకా తోలిన పిల్లకి ఇప్పుడు గారు గుర్తొచ్చింది. సంతోషం.

పోస్టరు చూశాను. ‘రూపకల్పన’ అని మీ నాన్న పేరు, పక్కన ఆయన బొమ్మ, ఆ గడ్డం పైకెత్తిన భంగిమ. నా పేరు కోసం భూతద్దం పెట్టి వెతికాను. అట్టడుగున అచ్చాఫీసువాళ్ళ పేరు కూడా ఉంది. నాది లేదు.

అసలు ఆ నాట్యంలో ఉన్నదేమిటి? ఒకే కదలిక. దాన్ని మొదటి మనిషి ఎత్తుకుంటాడు, కాసేపాగి రెండో మనిషి, ఇంకాసేపాగి మూడో మనిషి. మీవాళ్ళు దాన్నిప్పుడు కానన్ అని నోరు తిరక్కపోయినా పలుకుతున్నారు. పలకనీ. సంగీతంలో ఒకే పాటని ఒకరి వెనక ఒకరు అందుకోవడం చాలా పాతది. దాన్ని మనుషుల ఒళ్ళతో చేయిద్దామన్న ఆలోచన మన బృందంలో నాకొచ్చింది, మీ నాన్నకి కాదు. ఆయన అప్పుడు అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్నాడు. ఇది తిట్టు కాదు, నిజంగానే దువ్వుకుంటున్నాడు.

వెనకవాళ్ళు ముందువాణ్ణి అనుకరిస్తున్నారని చూసేవాళ్ళు అనుకుంటారు. మొదటి మనిషి చేసింది ఒట్టి కదలిక, పిచ్చికా. రెండో మనిషి కూడా అదే చేసినప్పుడు అది కావాలని చేసిందని జనానికి తెలుస్తుంది. నాట్యం మీద లావుపాటి పుస్తకాలు రాసిన పండితుల్లో ఒక్కడికీ ఈ ముక్క తట్టలేదు. అన్నీ చదివాను కాబట్టే అంటున్నాను. అందరూ ముందు నిలబడ్డవాడి గురించే రాస్తారు. బొమ్మ వాడిదే పడుతుంది కదా.

నా షరతు ఇది. నేలకి చెయ్యి ఆనించే ఘట్టం తీసెయ్. మిగతాది ఎలా చేసుకున్నా సంతకం పెడతాను. అది ఉంటే పెట్టను.

పైగా ఆ రెండు మార్పులు ఎందుకు చేశావో అసలు కారణం రాయి. జనానికి ఓపిక లేదన్న మాట నాకు చెప్పకు. ఓపిక లేనివాళ్ళు అసలు రారు.

మామయ్య


రిహార్సల్ హాలు,
మధ్యాహ్నం

మామయ్యగారికి,

మీరు అడిగింది మీ పేరు అనుకున్నాను. పోస్టరులో వేయిస్తాను, ఆ అన్యాయం సరిచేయడానికి నాకేం అభ్యంతరం లేదు. మీరడిగింది పేరు కాదు, నాన్న చెయ్యి. ‘వంతు’ మొత్తంలో నాన్నదంటూ ఉన్నది అదొక్కటే. మిగతా అంతా మీదేనని ఆయన కూడా ఇంట్లో ఒప్పుకునేవాడు. ఆ ఒక్కదాన్నీ కూడా ఉండనివ్వరా?

మీరు గొడవపడి వెళ్ళింది కూడా దాని గురించేనని అమ్మ చెప్పింది. “మీ మామయ్యకి అన్నీ ఉన్నాయి, ఆ చెయ్యి లేదు, అదే కడుపుమంట” అంది. అప్పుడు నమ్మలేదు. మీ ఉత్తరం చదివాక నమ్ముతున్నాను.

అయినా సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నాను. నాలుగో మనిషి దగ్గర అంతా తెగిపోతోంది. ముందు ముగ్గురం బాగానే అందుకుంటాం. నాలుగోవాడు తొందరపడతాడు, అయిదో ఆవిడ వాణ్ణి చూసి కంగారుపడుతుంది, నిద్రమొహం ఏకంగా ఎవరి వంతో తెలీక నిలబడిపోతాడు. నిన్న పాట అయిపోయాక కూడా వాడు నిలబడే ఉన్నాడు. “ఇంకా నా వంతు రాలేదక్కా” అన్నాడు. అందరూ నవ్వారు, నేను కుర్చీ తన్నాను.

మార్పులకి వేరే కారణమేం లేదు. కంటికి బావుంటుందని.

మీ మేనకోడలు


మేడ మీద గది,
వాన పడుతోంది

పిచ్చికా,

కుర్చీని ఏ కాలితో తన్నావు?

ముందు నీ నాలుగోవాడి సంగతి. వాడు పాటని లెక్కపెడుతున్నాడు. లెక్కపెట్టేవాడి చూపు వాడి తలలోకే ఉంటుంది, ఎదురుగా మనిషి కాలిపోతున్నా కనపడదు. పాట ఆపెయ్. నిశ్శబ్దంలో చేయించు. ముందున్న మనిషి వీపు తప్ప లోకంలో ఇంకేం లేదనుకోమను. ముందు మనిషి ఏం చేస్తే అది చెయ్యమను. వాళ్ళు తప్పు చేస్తే అదే తప్పు. తుమ్మితే తుమ్ము. అది ఒంటికి పట్టేదాకా పాట పెట్టకు. మీ నాన్న నేనొట్టి చాదస్తుణ్ణనేవాడు, ఆయనకేం, ఆయన ముందు ఎవరూ లేరు. మొదటి మనిషికి ఎవర్నీ చూడాల్సిన పని లేదు. ఆ స్థానంలో ఎక్కువకాలం నిలబడ్డవాళ్ళు అందుకే అలా తయారవుతారు.

ఇక రెండో సంగతి. నీ ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని, మన నాట్యాన్ని ఈ గదిలో మంచానికీ గోడకీ మధ్య ఒకసారి నడిచి చూశాను. ఎడం తగ్గితే లాభం ఎవరికి? చివరివాడి చెయ్యి నేలకి ఆనేదాకా మొదటి మనిషి ఎడమ మోకాలి మీదే ఉండాలి. ఎడం తగ్గితే ఆ మనిషి త్వరగా లేవచ్చు. తిరుగుడు కుడి కాలి మీదకి మారిస్తే ఎడమ కాలికి ఇంకో బరువు తప్పుతుంది. రెండు మార్పులూ కలిసి ఒకే చోటికి వెళ్తున్నాయి.

ఎడమ మోకాలు ఎప్పటి నుంచి?

మామయ్య


రిహార్సల్ హాలు

మామయ్యగారికి,

మీరు చెప్పినట్టు పాట ఆపేసి చేయించాం. కుదిరింది. ఆరుగురి ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు. నిద్రమొహం నిన్న మధ్యలో దగ్గొచ్చిన అయిదో ఆవిణ్ణి చూసి తనూ దగ్గాడు. అంతగా పట్టింది. కృతజ్ఞతలు.

నా మోకాలు బాగానే ఉంది. వానాకాలం కాస్త పట్టేస్తుంది, అందరికీ ఉండేదే.

హాలువాళ్ళు నెలాఖరులోగా సంతకం కావాలంటున్నారు. దయచేసి పంపండి.


మేడ మీద గది

పిచ్చికా,

నీ ఉత్తరాల్లో ఇంత చిన్నది ఇదే. మోకాలి గురించి రెండు వాక్యాలు, అందులో ఒకటి వాన మీదకి తోసేశావు.

సరే, నీ దగ్గర దాచిపెట్టడానికి నాకింక ఏమీ లేదు. ఆ చెయ్యి గురించి చెప్తాను. చెప్పాక నన్ను ఏమన్నా అనుకో.

‘వంతు’ని మొదటిసారి ఆడిన సాయంత్రం దాంట్లో ఆ ఘట్టం లేదు. నేను కట్టిన దాంట్లో లేదు. మొదటి మనిషి తిరిగి, ఆగి, ముందుకి నడవాలి. అంతే. మీ నాన్న తిరిగాడు. వేళ్ళు విరిచినట్టు చిన్న చప్పుడు వినపడింది. నాకొక్కడికే వినపడి ఉంటుంది, ఆయన వెనక నేనే కదా. మోకాలు మడత పడి కిందికి దిగాడు. చెయ్యి నేలకి ఆనింది, పూర్తిగా బోర్లా పడకుండా ఆపుకోవడానికి.

లేవబోయే మనిషికి ముందు మడమ లేస్తుంది, తర్వాత చెయ్యి నేలని వదుల్తుంది. నేను ఆయన మడమనే చూస్తున్నాను. లేవలేదు.

ఇంతలో నా వంతు వచ్చింది. నేను తిరిగి, మోకాలి మీద దిగి, నేలకి చెయ్యి ఆనించాను. నా వెనకవాడు నన్ను తప్ప ఇంకెవర్నీ చూడకుండా తయారైనవాడు, వాడూ దిగాడు. ఒకరి వెనక ఒకరు అందరూ దిగారు. అందరూ దిగేదాకా ఆయనకి కూడదీసుకునే వ్యవధి దొరికింది. లేచాడు. మేమూ లేచాం. చప్పట్లు ఆగలేదు.

మర్నాడు పత్రికాయన ‘నేలని అనుమతి అడిగే చెయ్యి’ అని రాశాడు. నేల ఇచ్చిందో లేదో మాత్రం రాయలేదు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని మీ నాన్నని అడిగితే “ఆడుతూ ఉండగా తట్టింది” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు.

అక్కడితో పోతే పోయేది. జనం ఆ చెయ్యి చూడ్డానికే రావడం మొదలెట్టారు. దాంతో ఆయన ప్రతి ఆటలోనూ, ఆ దెబ్బ తిన్న మోకాలి మీదే, కావాలని పడాల్సొచ్చింది. ఒకసారి పడ్డ మనిషిని ఏళ్ళ తరబడి పడేశాం. “బావా, ఆ ముక్క తీసేద్దాం, కాలు పోతుంది” అన్నాను. “నీకు అసూయ” అన్నాడు. మీ అమ్మ, నా సొంత చెల్లెలు, ఆయన మాటే పట్టుకుంది. నేను వెళ్ళిపోయాను. కాలు నేను చెప్పినట్టే పోయింది. చెప్పింది నిజమైనందుకు ఎవరూ నాకు దండ వెయ్యలేదు.

కుంటుతున్నాడని తెలిసి కర్ర ఒకటి చేయించి పంపాను. మంచి చేవ ఉన్న కర్ర, పిడి నేనే గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. “రెండోవాడివి, నీకే పనికొస్తుంది, ఉంచుకో” అని తిప్పి పంపాడు. అది ఇప్పటికీ నా తలుపు వెనకే ఉంది.

ఆ చెయ్యి మీ నాన్నది కాదు, నాదీ కాదు. అది పడటం. సంతకం పెట్టను.

మామయ్య


ఇంటి నుంచి

మామయ్యా,

నువ్వు చచ్చిపోయిన మనిషి మీద దావా వేశావు. ఆయన లేచొచ్చి జవాబు చెప్పడని నీకు ధీమా. ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావు? ఆయన బతికుండగా నలుగురిలో అనాల్సింది. అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు ఆయన కూతురి మీద పెగిలింది.

నేను నడక సరిగా రాని వయసులో నాన్న నన్ను అద్దం ముందు నిలబెట్టి నేర్పిన మొదటి కదలిక అదే. ఒక మోకాలు దించి, చెయ్యి నేలకి ఆనించి, పైకి చూడటం. పడుకునే ముందు కూడా చేసి చూపించేదాన్ని. అది పడటమట. నేను నేర్చుకున్నది పడటమట. పోనీ అదే నిజమనుకో. నాకు చెప్పకుండా ఉండటానికి నీ నోటికేమైంది?

అవును, ఎడమ మోకాలే. సంతోషమా? ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. ఇక ఆడకూడదన్నాడు. ఈ ఒక్కసారి ఆడి మానేస్తానన్నాను. “అలా అన్నవాళ్ళ మోకాళ్ళతోనే నా ఆసుపత్రి నడుస్తోందమ్మా” అన్నాడు. మా బృందంలో ఒక్కరికీ తెలీదు. కట్టు పైకి కనపడకుండా వదులు పైజామా వేసుకుంటున్నాను. పొడుగు ఒకసారి “అక్కా, మెట్లు ఒక్కో కాలే పెట్టి దిగుతున్నావేంటి” అంది. కసిరాను.

నేను మొదటి స్థానం వదిలేస్తే? ఇచ్చిన తేదీకి ఆడకపోతే ఈ హాలు ఇంక మాది కాదన్నారు. నాన్న కూతురు ముందు నిలబడుతుందనే ఈమాత్రం ఇచ్చారు. ఈ హాలు పోతే ఈ అయిదుగురు అయిదు దిక్కులవుతారు. నాన్న కట్టింది నా చేతుల్లో పోవాలి, అదేగా నీకు కావాల్సింది?

నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఆడతాను. గుమ్మానికి తాళం వేస్తే వీధిలో ఆడతాను.


మేడ మీద గది

పిచ్చికా,

‘నువ్వు’ అన్నావు. మంచిది, ‘మీరు’ కంటే నయం.

మొండితనం మీ నాన్నదే, అచ్చు దిగిపోయింది. ఆయన మీద నేనెప్పుడూ గెలవలేదు. నీ మీద గెలుస్తానని ఈ వయసులో భ్రమ లేదు. సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది. ఎడం తగ్గించుకో. కుడి కాలి మీదే తిరుగు. నాట్యం చెడుతుంది, చెడనీ.

ఒకే ఒక షరతు. ఆటకి ముందు ఒక మధ్యాహ్నం వస్తాను. నీ పొడుగుతో కాసేపు మాట్లాడాలి. తలుపు మూసుకుని. నువ్వు లోపలికి రాకూడదు, తర్వాత ఏం మాట్లాడానని ఆ అమ్మాయిని అడగకూడదు. ఒప్పుకుంటేనే ఈ కాగితం హాలువాళ్ళకి ఇవ్వు. లేదంటే చింపెయ్.

మామయ్య


రిహార్సల్ హాలు

మామయ్యా,

వచ్చావు. నువ్వు అంత ముసలాడివి అయిపోయావని అనుకోలేదు. గోడల మీద నాన్న బొమ్మలన్నీ వరసగా చూసి “ఒక్కదాంట్లోనైనా పక్కవాడు మొత్తం పడలేదు, అందరికీ సగం చెవే” అన్నావు. నిద్రమొహం టీ తెచ్చిస్తే “నువ్వేనా చివరివాడివి? చివరివాడికి చాలా బలం కావాలి, తిను” అన్నావు. నా మోకాలి వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండటానికి నువ్వెంత కష్టపడుతున్నావో నాకు కనపడింది.

తర్వాత తలుపు మూసుకున్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏదో పడుతున్న చప్పుడు, మళ్ళీ లేస్తున్న చప్పుడు, నీ గొంతు, “మళ్ళీ” అని. బయటికొచ్చి నా పక్క నుంచే వెళ్ళిపోయావు.

అడగనని మాట ఇచ్చాను, కాని అడిగాను. పొడుగు నవ్వి “చెప్పొద్దన్నారక్కా” అంది. నా బృందంలో నా వెనక నిలబడే మనిషి నా దగ్గర ఒకటి దాస్తోంది. అది నువ్వు చేసిన పని. ఇప్పుడు నేను తిరిగిన ప్రతిసారీ దాని చూపు నా వీపు మీద కాదు, ఇంకెక్కడో కింద పడుతోందని తెలుస్తోంది. వీపుకి చలేసినట్టు ఉంటోంది.

సూటిగా అడుగుతున్నాను. నేను పడితే పడనిమ్మని చెప్పావా? నాన్నకి చేసిన సాయం నాకు చెయ్యొద్దని చెప్పావా? జనం ముందు నా చెయ్యి ఒక్కటే నేల మీద ఉండి, అది ఒట్టి పడటమేనని అందరికీ తెలిసిపోతే, నీ దావా నువ్వు గెలిచినట్టే కదా. నాన్న మీద కసి నా మీద తీర్చుకుంటున్నావా?

ఒక్క ముక్క రాయి. ఆట ఎల్లుండి. పొడుగుని మార్చడానికి నాకు వ్యవధి కూడా లేదు.


మేడ మీద గది

పిచ్చికా,

నేనేం చెప్పానో రాయను. తెలిస్తే నువ్వు దానికోసం ఎదురుచూస్తావు. ఎదురుచూసేవాళ్ళ ఒళ్ళు బిగుసుకుంటుంది.

తలుపు పక్కన చివరి వరసలో కూర్చుంటాను. నా కోసం వెతక్కు.

మామయ్య


ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

మామయ్యా,

ఆట అయ్యాక నీ కుర్చీ ఖాళీగా ఉందని చెప్పారు. కాబట్టి ఎంతవరకూ చూశావో నాకు తెలీదు. అంతా రాస్తాను.

తిరుగుడు కుదిరింది. కిందికి దిగాను, చెయ్యి ఆనించాను. నా వెనక పొడుగు దిగిన చప్పుడు, తర్వాత ఇంకొకరిది, ఇంకొకరిది. నిద్రమొహం చెయ్యి నేలకి తగిలేసరికి నేను లేవాలి. లేవబోయాను. నడుం కింద నాకు కాలే లేనట్టుంది. పాట ముందుకి వెళ్ళిపోతోంది. జనం ఇంకా ఏమీ అనుకోవట్లేదు, ఆ చెయ్యి చూస్తూ మురిసిపోతున్నారు. అందరూ తలకాయలు ముందుకి పెట్టి చూస్తున్నారు. నాకు మాత్రం నేల తప్ప ఏం కనపడటం లేదు. నాన్న కూడా ఈ నేలనే ఇంత దగ్గరగా చూసి ఉంటాడు అనుకున్నాను.

అప్పుడు చంక కింద ఒక చెయ్యి దూరింది.

పొడుగు తన వంతు కాకుండా లేచింది. నా పక్కకి వచ్చి, వంగి, చంక కింద చెయ్యేసి పట్టుకుంది. మూడో మనిషికి ఏం తెలుసు? ముందు మనిషి ఏం చేస్తే అది. వాడూ లేచి, ముందుకి నడిచి, పొడుగు చంక కింద చెయ్యేశాడు. నాలుగోవాడు వాడికి. అయిదో ఆవిడ వాడికి. కాసేపాగి ఒకరు, కాసేపాగి ఒకరు, ఎడం ఎక్కడా తప్పలేదట. చిట్టచివర నిద్రమొహం అయిదో ఆవిణ్ణి పట్టుకుని, తన వెనక ఎవరూ లేరు కదా, ఏం చెయ్యాలో తెలీక కాళ్ళు ఊని వెనక్కి వాలాడట. అంతే. తాడు లాగినట్టు వరసంతా లేచింది. నేను కూడా లేచాను. ఒంటికాలి మీద, వాళ్ళని ఆనుకుని, పాట అయ్యేదాకా నిలబడ్డాను. 

తెర వెనక పొడుగు ఏడుస్తూ చెప్పేసింది. నువ్వు మధ్యాహ్నం అంతా నువ్వే పడుతూ దానికి మడమ చూడటం నేర్పావట. ఆ వయసులో, ఆ చెక్క నేల మీద. చివర్లో అన్నావట, “నేను అప్పుడు నేల మీద చెయ్యి పెట్టాను. నువ్వు నేల మీద పెట్టకు. ఆ మనిషి మీద పెట్టు.”

నేను ఎల్లుండి ఆట అనగా నీకు రాసిన ఉత్తరం చింపెయ్. వద్దులే, ఉంచు. నీకు తిట్లు దాచుకోవడం ఇష్టం.

ఇంకొకటి. స్ట్రెచర్ దాకా పత్రికాయన వెంటపడ్డాడు. ఆ పాతాయన కాదు, ఇంకొకడు. “అద్భుతమండీ! తండ్రి చెయ్యి నేలని అడిగింది, కూతురి దగ్గర చేతులన్నీ కలిసి జవాబిచ్చాయి, ఈ ఆలోచన ఎలా తట్టింది?” అన్నాడు. ఒక్క క్షణం, మామయ్యా, నోటి చివరిదాకా వచ్చింది నాన్న మాట. ‘ఆడుతూ ఉండగా’ అని. అది ఎంత తీపి మాటో నాకప్పుడు తెలిసింది. నాన్న మీద కోపం రాలేదు.

“తట్టలేదండీ, పడ్డాను. చాలా నొప్పిగా ఉంది. ఆ పొడుగమ్మాయి లేపింది” అన్నాను.

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకుని వెళ్ళిపోయాడు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. హాలువాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడు ఆడతారని అడుగుతున్నారు, ‘ఆ చివరి ఘట్టంతో సహా’ అని.

ఏం చెప్పమంటావు?

నీ పిచ్చిక


మేడ మీద గది

పిచ్చికా,

చెయ్యొద్దని చెప్పు. అది ఒకసారి జరిగింది, మళ్ళీ జరిపించకు. దాన్ని ఆటలో కలిపావంటే నా సంతకం వెనక్కి తీసుకుంటాను. జనం మెచ్చారు కదా అని ఆ అమ్మాయి చేత ప్రతిరోజూ నిన్ను లేపించకు. ఆ నేలకి చెయ్యి ఆనించడం కూడా మీ తండ్రీకూతుళ్ళతోనే ఆగిపోనీ. తిరిగి, ఆగి, ముందుకి నడవండి. నేను కట్టింది అదే. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఆడనే లేదు.

కాలు బాగయ్యాక ముందు నిలబడకు. పొడుగుని నిలబెట్టు. నువ్వు రెండో స్థానానికి రా. అక్కడి నుంచి చాలా కనపడుతుంది.

పోస్టరులో నా పేరు వెయ్యకు. ఇప్పుడు వేస్తే అచ్చుతప్పు అనుకుంటారు. సరే, చిన్న అక్షరాల్లో వెయ్యి.

నేను చివరిదాకా ఉన్నాను. ఆ నిద్రమొహం వెనక్కి వాలినప్పుడు లేచి నిలబడ్డాను, దానికి నా మోకాళ్ళు కూడా ఒప్పుకోలేదు. తర్వాత జనంలో నా మొహం ఎవరికీ చూపించబుద్ధి కాలేదు.

కర్ర పంపుతున్నాను. మీ నాన్న తిప్పి పంపిందే. ఆయన ఎత్తుకి చేయించింది కాబట్టి నీకు పొడవని అనుమానపడకు. ‘మొదటి తిరుగుడు కుడి కాలి మీద’ అని నువ్వు రాసిన ఉత్తరం అందిన మర్నాడే నీ ఎత్తుకి కోయించి ఉంచాను.

మామయ్య